జీతమును పైరాబడియు

శాసనసభ్యులకు జీతము చాలదు గనుక పదవివలన వచ్చు పైరాబడిని తప్పుపట్టరాదని కొందరు వాదింతురు. ఈ వాదము కుంఫిణీ నాటిది.

1744లో చెన్నపట్టణమున దిగిన రాబర్టు క్లైవు అను చిన్న గుమాస్తాకు ఏటికి 5 పౌనులే జీతము. దానితో ఎవరును బ్రతుకజాలరని యజమానులకును తెలియును. అందుచేత సొంతవ్యాపారమునకు సెలవిచ్చిరి. నజరానాలను చూచియు చూడనట్లుండిరి. అంతవరకు లేమి యను సాకు కొంత చెల్లును.

గవర్నరునకు చెల్లునా? 1778లో ఆ పదవికి వచ్చిన సర్ తామస్ రంబోల్డు దొర జీతము చాలని దరిద్రుడు గాడు. ఉత్తరసర్కారుల శిస్తును అక్కడికక్కడనే విచారించుటకేర్పడిన సర్క్యూటు కమిటీని ఆయన రద్దుచేసి, జమీందారులను చెన్నపట్టణమునకు రమ్మనెను. ఊరిలో జరిగిన విచారణను పదుగురు చూతురు. దొరగారి గదిలో జరిగినదానికి సాక్షులెవ్వరు? విజయనగర సంస్థానమున సీతారామరాజునకు మరల దివానుగిరి ఇప్పించుటలో సొమ్ము చేతులు మారెనని అభియోగము పుట్టెను. 1781లో డైరెక్టరులు గవర్నరును తొలగించిరి. పార్లమెంటులో ఆయనపై తెచ్చిన బిల్లు మాత్రము 1783లో మూలబడెను. కావున నేరము రుజువైనదనరాదు.

పిమ్మట కారన్‌వాలిసు ప్రభువు వంగదేశమున కలెక్టరునకు నెలకు 1,500 రూపాయలును, వసూలుపై కొంత కమీషనును ఏర్పరచి, సొంతవ్యాపారమును మానిపించెను. జీతము పెంచుటకంటె ఈ రెండవ పనియే కష్టమైనది.

నేటి సభ్యునకు జీతము చాలకున్న సభలో పదిమంది యెదుట అడుగవచ్చును. దానిని నిర్ణయించు శాసనము చేయువారు సభ్యులే. ఐదు పౌనుల క్లైవునకు ఆ యధికారము లేదు.