ముంత యడుగున మిగిలిన జీవము

పాలకొండలకును వెలికొండలకును నడుమ, చెయ్యేటి పరీవాహమున వెలసిన రాజంపేట సీమలో, వానలు తప్పిన యేడును వంకల గట్ల మీద పచ్చగా నిలుచునది ఈతచెట్టు. దానిని నమ్ముకొని తరతరములుగా జీవించిన ఈడిగవారు మోకు నడుమునకు బిగించి, చెట్టెక్కి, మొవ్వు క్రింద పదునైన కత్తితో గీసి, మాపటివేళ మట్టిముంత కట్టి, తెల్లవారకమున్నే దానిని దించెడివారు. చెట్టునుండి జారునప్పుడు ఆ రసము మిక్కిలి తియ్యనిది. ముంతలో నిలిచి, పొద్దెక్కినకొలది నురుగులెత్తి, పులిసి, మత్తునిచ్చు కల్లగును. కల్లు కావలెనన్నచో పాతముంతనే మరల కట్టవలెను. తియ్యని రసము కావలెనన్నచో ముంత లోపల సున్నము పూయవలెను. ఈ రెండు విధులయందును ఒక మహాశాస్త్రమునకు వలయు బీజము దాగియున్నదని నా విశ్వాసము.

పాతముంత యడుగున మిగిలిన మడ్డిలోను, మట్టి రంధ్రములలోను నివసించు సూక్ష్మజీవులలో ముఖ్యమైనది శాకరోమైసిస్ సెరివిసియే. బేకరీలో రొట్టెపిండిని పొంగించు ఈస్టును ఇదియే. రసములోని చక్కెరను తన ఎంజైముచే విడగొట్టి, భుజించి, ఆల్కహాలును బొగ్గుపులుసు వాయువును విడుచుట దాని జీవనధర్మము. ముంతమీది నురుగునకును రొట్టెలోని గుల్లదనమునకును కారణము ఆ వాయువొక్కటియే. ఈ జీవికి పులుపు హితము, సున్నపు క్షారము అహితము. కనుకనే సున్నము పూసిన ముంతలో రసము తీపి చెడక నిలుచును. ఫ్రాన్సులో పాశ్చరు పండితుడు 1857 మొదలుకొని పులియుట సజీవకణముల కార్యమని నిరూపింప బూనుకొనుటయు, 1897లో జర్మనీలో బూక్నరు ఈస్టును నూరి పిండిన కణరహిత రసము సైతము చక్కెరను పులియజేయునని కనుగొని ఆధునిక జీవరసాయనమునకు పునాది వేయుటయు జరిగినవి. కారణ మెరుగకయే కార్యమును వశపరచుకొన్న గీతగాండ్ర నేర్పు వీనికంటె బహుపురాతనము.

పాశ్చరు, బూక్నరుల దినములలో మన దేశమున కల్లు శాస్త్రమునకు గాక ఖజానాకు సంబంధించిన విషయముగా నుండెను. చెట్టుకింత పన్నును, అంగడికింత వేలపు పాటయు ఆబ్కారీ రాబడిని పెంచెను. పిమ్మట మద్రాసు రాజధానిలో రాజాజీ మంత్రివర్గము 1937 అక్టోబరు 1న సేలములో మద్యనిషేధము నారంభించి, మరుసటి యేడు అదే తేదీన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపగా, రాజంపేట సీమయు దాని క్రిందికి వచ్చెను. త్రాగుడుచే చితికిన యిండ్ల స్త్రీలకు అది ఊరట; చెట్టునే నమ్మినవారికి బ్రతుకుతెరువు పోవుట. పులిసినది నేరమై, తియ్యని రసమును బెల్లముగా కాచుటయే మార్గముగా చూపబడిన ఆ కాలమున, మనుష్యుల భాగ్యము ముంతలోని సున్నపు పూత మీద ఆధారపడెననుట అతిశయోక్తి కాదు.

అంతకు మూడేండ్లు ముందు, 1935లో, కోపెన్‌హేగెనులోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలయందు వింగే యను పండితుడు ఈస్టు యొక్క సంసారరహస్యమును ప్రకటించెను. ఆహారము కరవైనప్పుడు ఈ కణము గట్టి తొడుగులో నాలుగు బీజకణములను ధరించి ఓర్చుకొనును. మరల తీపి తగిలినప్పుడు అవి మొలచి, ఆల్ఫా, ఏ యను రెండు వర్గములై ఒక వర్గము మరొక వర్గముతో జతగూడును. ఒక తల్లికణపు నాలుగు సంతానములను సూదిమొనతో విడదీసి, వేర్వేరుగా పెంచి, ఏ గుణ మెవరికి సంక్రమించినదో లెక్కించుట సాధ్యమైనందున, గుణముల సంక్రమణమును గూర్చిన మెండెలు నియమము కంటికెదుట నిలిచెను. ఆకలి దినముల కోర్చుటకై ఏర్పడిన ఉపాయమే వంశశాస్త్రమునకు తాళపుచెవి యయ్యెను.

పిమ్మట అమెరికాలో హార్ట్‌వెల్ వేడి తగిలినప్పుడు విభజన నిలిచిపోవు ఈస్టు వంగడములను వెదకి, కణవిభజనను నడుపు జన్యువులను గుర్తించెను. పుట్టకురుపు వ్యాధిని గ్రహించుటకు అది దారి చూపగా, 2001లో నోబెల్ బహుమానము ఆయనకును ఆ రంగమున కృషిచేసిన ఇతర పండితులకును కలిపి లభించెను. 1996 నాటికి ఈస్టు పదునారు క్రోమోజోముల లిపి, సుమారు 1.2 కోట్ల అక్షరములు, 6,000 జన్యువులు, సంపూర్ణముగా చదువబడెను; కేంద్రకముగల జీవులలో ఆ గౌరవము తొలుత దీనికే దక్కినది. 2015లో 414 ఈస్టు జన్యువులకు బదులుగా మానవ జన్యువులను ఉంచి చూడగా దాదాపు సగము చక్కగా పనిచేసినవట! నూరు కోట్ల యేండ్లకు పైబడిన యెడబాటును మీరిన ఈ బాంధవ్యము తలచినకొలది ఆశ్చర్యకరము. హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో వెలువరించిన కామెర్ల టీకాయు ఈస్టు జాతులలోని మరొకదానిని, పికియాను, ఆశ్రయించినదే.

2018లో ప్రపంచపు నలుమూలల 1,011 ఈస్టు వంగడముల లిపిని పోల్చిన పండితులు ఈ జీవి మూలస్థానము చీనా దేశమని తలచి, ఆఫ్రికా తాటికల్లులోని వంగడముల నొక ప్రత్యేక శాఖగా నెన్నిరి. విత్తనములను భద్రపరచినట్లే చెయ్యేటి గట్టున ముంతలలోని యీస్టును సేకరించి, దాని వంశమును చదివి, ఆ చదువు పక్కనే దానిని కాపాడిన ఈడిగవారి నేర్పును లిఖించుట మన విశ్వవిద్యాలయముల కర్తవ్యము. ఆబ్కారీ దస్తరములు ముంతకు పన్నెంతయో వ్రాసినవి. సున్నమెప్పుడు పూయవలెనో ఎరిగిన చేతుల చరిత్ర వ్రాయవలసియున్నది.