గీత గీశాక పిలుపు

రామగుండం ప్రాంతానికి సింగరేణి గనులు వచ్చింది 1960 ప్రాంతంలో. తొలినాళ్లలో అన్నీ ఇంక్లైన్లే, అంటే భూగర్భ గనులే. బొగ్గు కిందినుంచి పోయేది, పైన పొలం చాలావరకు పొలంగానే ఉండేది. 1975లో ఇక్కడే ఓపెన్‌కాస్ట్, అంటే నేలను పైనుంచే తవ్వే పద్ధతి, మొదలయ్యాక లెక్క మారింది. కొన్ని ఊళ్లు లేచిపోయాయి, మిగిలిన ఊళ్ల పక్కన మట్టి గుట్టలు లేచాయి.

భూమి పోయేవాళ్ల మాట వినాలన్న నియమం పాతదే. 1894 భూసేకరణ చట్టానికి 1923లో 5ఎ సెక్షన్ చేర్చి, అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చారు. 1957 బొగ్గు భూముల చట్టమూ అంతే గడువిచ్చింది. కాకపోతే "ఈ బొగ్గు నేనే తవ్వుకుంటా" అంటే అది అభ్యంతరం కిందికి రాదని ముందే రాసిపెట్టింది! ఈ రెండు చట్టాలూ భూమిలో హక్కున్నవాడినే పలకరించాయి. బ్లాస్టింగ్‌కు గోడ పగిలిన పక్క ఊరివాడి ఊసు వాటిలో లేదు.

వాడికి నోరొచ్చింది 1997లో, పర్యావరణ అనుమతికి బహిరంగ విచారణ తప్పనిసరి చేసినప్పుడు. 2006 నోటిఫికేషన్ దాని పద్ధతి ఖరారు చేసింది: 30 రోజుల ముందు ప్రకటన, ప్రాజెక్టు దగ్గరే సభ, కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత, మొత్తం వీడియో రికార్డింగు. చివర్లో, జనం లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇంతమంది రావాలన్న కోరం లేదు, ఓటింగూ లేదు.

అలాంటి సభల్లో షామియానా కింద మైకు అందుకున్నవాళ్లు దాదాపు ఇవే అడుగుతారు: ఇంటికో ఉద్యోగం, ప్యాకేజీ, ఎండిన బోరుకు నీళ్లు, దుమ్ముకు మందు. క్వారీ హద్దు ఇక్కడిదాకా ఎందుకు, మట్టి ఆ పక్కన పోయకూడదా అన్న ప్రశ్న అరుదు. అడిగినా లాభం తక్కువ. జనం ముందుకొచ్చే పర్యావరణ ముసాయిదా నివేదికలో హద్దు, డంపు, మళ్లించే వాగు అన్నీ అప్పటికే గీసి ఉంటాయి. గీత గీశాక మిగిలేది బేరమే.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ మదింపును సేకరణకు ముందుకు తెచ్చింది, పంచాయతీని సంప్రదించమంది. ఈ వందేళ్లలో అసలైన మలుపు నా దృష్టిలో ఇదే. 2017 నాటి తెలంగాణ సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ మదింపు నుంచి మినహాయింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి కల్పించింది. తలుపు తెరిచి గడియ చేతిలో పెట్టుకున్నట్టయింది.

ఇప్పుడు రామగుండానికి విమానాశ్రయం మాట కూడా వినిపిస్తోంది. సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన బసంత్‌నగర్ రన్‌వే మీద ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగేవి. 2025లో దానికి బదులు రామగుండం దగ్గరి అంతర్గాం స్థలాన్ని పరిశీలనకు తీసుకున్నారు. విమానాశ్రయం కొన్న ఎకరాలతో ఆగదు. చుట్టూ కిలోమీటర్ల కొద్దీ కట్టడాల ఎత్తుకు హద్దు పెడుతుంది. ఇక్కడ ఎన్టీపీసీ చిమ్నీలున్నాయి, ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలున్నాయి, గోదావరిఖని మేడలున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర స్కిపోల్ విమానాశ్రయం విషయంలో 2006 నుంచి నివాసులను, మున్సిపాలిటీలను, విమాన సంస్థలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించారు. రద్దీ ముదిరాక చేసిన పని అది.

అంతర్గాంకు ఆ ఆలస్యం అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు ఖరారయ్యేలోపే ఎత్తు హద్దుల మ్యాపును, సింగరేణి విస్తరణ మ్యాపును ఒకే కాగితం మీద వేసి చుట్టుపక్కల గ్రామసభల్లో, రామగుండం కార్పొరేషన్ వార్డుల్లో పరచాలి. అభ్యంతరాలు ఆ కాగితం మీదే తీసుకోవాలి.