చౌక్‌సేలో కట్ చేసిన బోగీ

1941లో బర్మా రైల్వే అకౌంట్స్ ఆఫీసరు ఊ బా ఖిన్ స్టేషన్ల లెక్కలు చూస్తూ తన ప్రత్యేక బోగీలో తిరుగుతున్నాడు. ఆఫీసూ పడకా అందులోనే. ఏ స్టేషన్లో పని ఉంటే అక్కడ బోగీని కట్ చేసేవాళ్లు, పనయ్యాక మరో బండికి తగిలించేవాళ్లు. ఒకరోజు మాండలేకి దక్షిణాన ఉన్న చౌక్‌సేలో పొరపాటున కట్ చేసేశారు. ఎలాగూ దిగాం కదా అని ఆయన అక్కడి లెక్కలూ చూసి, స్టేషన్ మాస్టర్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని కొండెక్కాడు. కొండమీద వేబూ సయడో అనే భిక్షువు ఉన్నారు. ఊ బా ఖిన్ ధ్యానం సంగతి విని, ఒక సంసారికి అది ఇంతగా పట్టుబడిందా అని ఆశ్చర్యపోయి, ఇక నువ్వు పదిమందికీ నేర్పాలన్నారు.

షంటింగులో జరిగిన తప్పుకి మెమో తప్ప మరో ఫలితం ఎరగని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఈ కథ చెప్పి తీరాలి. ఇవాళ ప్రాథమిక పాఠశాలల్లో మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో పిల్లలు కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తున్నారంటే, అది వచ్చిన దారుల్లో ఒకటి ఆ స్టేషన్ మీదుగానే వచ్చింది.

ఈ ధ్యానం మొదలు ఇంకా వెనక ఉంది, దాని జాడలు మన వైపూ ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్లు ఎక్కువ. ఆ వైపు శాలిహుండం, తొట్లకొండ, బావికొండల మీద రెండువేల ఏళ్ల నాడే బౌద్ధ విహారాలున్నాయి. అయితే అక్కడ కూర్చున్నది భిక్షువులు. బడిపిల్లల దాకా రావడానికి చాలా కాలం పట్టింది.

మాండలేలో పుట్టిన వ్యాపారి గోయెంకా, విడవని తలనొప్పితో వేగలేక 1955లో ఊ బా ఖిన్ దగ్గర చేరాడు. 1969లో భారతదేశం వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. 1976లో హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం వెలిసింది. పిల్లల కోసం విడిగా ఆనాపాన శిబిరాలు 1986లో బొంబాయిలో ఆరంభమయ్యాయి. పద్ధతి చిన్నది: మంత్రం లేదు, బొమ్మ లేదు, ముక్కు దగ్గర వచ్చీపోయే శ్వాసను ఉన్నదున్నట్టు గమనించడమే. మనసు పక్కకి పోతే తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవడం. ఎనిమిదేళ్ల పిల్లకి ఆ ‘తిట్టుకోకుండా’ అన్నదే అన్నిటికన్నా అవసరమని నాకనిపిస్తుంది.

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీది వేరే దారి. పద్ధతులంటేనే గిట్టని జిడ్డు కృష్ణమూర్తి బడి అది. అక్కడ పిల్లలు సాయంత్రం పొద్దు గుంకేదాకా మౌనంగా కూర్చుంటారు, ‘అస్తాచల్’ అంటారు. ఊపిరి లెక్క కూడా ఉండదు.

అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఈ ఊపిరి గమనించే ధ్యానాన్ని మతం ఊసు లేకుండా ఒక కోర్సుగా మలిచాడు. దీర్ఘకాలపు నొప్పులతో బాధపడే రోగుల కోసం! ఆ కోర్సు పిల్లల సైజుకి కత్తిరింపులు పొంది బ్రిటన్ బడుల్లోకి వెళ్లింది. మన దగ్గర 2018 జులైలో దలైలామా సమక్షంలో ఢిల్లీ ప్రభుత్వం హ్యాపీనెస్ కరికులం మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ ‘ఆనందవేదిక’ పేరుతో రోజూ ఒక పిరియడ్ కేటాయించింది.

అంతా బాగానే ఉందనుకునేలోపు 2022లో బ్రిటన్ నుంచి ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు ఎనిమిది వేలమందికి పైగా పాల్గొన్న ఆ మైరియడ్ అధ్యయనంలో, మామూలు పాఠాలకన్నా మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు పిల్లల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేయలేదని తేలింది. చాలామంది ఇంటి దగ్గర సాధనే చేయలేదు. వాళ్లు ప్రాథమిక పాఠశాల పిల్లలు కారు, నిజమే, కానీ ఇదీ సిలబస్‌లో మరో సబ్జెక్టైతే ఏమవుతుందో ఊహించవచ్చు. ఆ అధ్యయనంలోనే మరో సంగతి బయటపడింది. ఆ పాఠాలు నేర్పడానికి శిక్షణ పొందిన టీచర్లలో పని అలసట, విసుగు కొంతకాలం తగ్గాయి.

కాబట్టి ముందు కూర్చోబెట్టాల్సింది పెద్దవాళ్లనే అంటాను. ఖరగ్‌పూర్‌లో అందుకు దూరం పోనక్కర్లేదు. ఐఐటీలో 2016 నుంచి ఆనంద శాస్త్రానికే రేఖీ కేంద్రం ఉంది, స్టేషన్ నుంచి ఆటోలో పోయేంత దూరం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ మాట్లాడే కాలనీ పిల్లల టీచర్లు అక్కడికి వెళ్లి, లేదా అక్కడివాళ్లు ఇక్కడికి వచ్చి, పిల్లల జోలికి పోకుండా మొదట ఓ ఏడాది తామే సాధన చేస్తే సరి.