వేషం వేసినవాడి బాధ్యత



అతిమానవుల కథలంటే పిల్లలకే కాదు, పెద్దలకూ ఇష్టమే. 1938లో అమెరికాలో బొమ్మల పుస్తకంలో పుట్టిన సూపర్‌మాన్ కళ్ళజోడు పెట్టుకుని మామూలు పత్రికా విలేఖరిలా తిరుగుతాడు. 1997లో దూరదర్శన్‌లో మొదలైన శక్తిమాన్ కూడా గంగాధర్ అనే అమాయకుడి రూపంలో పత్రికాఫీసుకు వెళ్ళేవాడు. బలం ఉన్నవాడు లేనట్టు నటించడం ఈ కథల పద్ధతి. దీనికి తలకిందులైన కథ ఒకటి మన దేశంలో వందల ఏళ్ళ కిందటే ఉంది. అందులో ఏ బలమూ లేని మామూలు మనిషి, ఒక అమ్మాయిని మెప్పించడానికి సాక్షాత్తు విష్ణుమూర్తి వేషం వేస్తాడు. ముందు ఆ కథ చెప్పుకుని, తర్వాత మన కృష్ణా తుంగభద్రల నడుమ వేషం ఏమేం పనులు చేసిందో చూద్దాం.

పంచతంత్రం మనకు కొత్తది కాదు. పదకొండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు జయసింహుని కాలంలో దుర్గసింహుడు దాన్ని కన్నడంలో రాశాడు. తెలుగులో దూబగుంట నారాయణకవి పద్యాలలో చెప్పాడు. 1853లో చిన్నయసూరి అందులో రెండు తంత్రాలను నీతిచంద్రిక పేరుతో వచనంలో అందించాడు. పంచతంత్రానికి పాఠాలు చాలా ఉన్నాయి. 1199లో పూర్ణభద్రుడనే జైన పండితుడు కూర్చిన సంస్కృత పాఠంలో ఉన్నది మనం చెప్పుకోబోయే కథ.

గౌడదేశంలో పుండ్రవర్ధనమనే ఊరు. అక్కడ ఒక సాలెవాడు, ఒక వడ్రంగి ప్రాణస్నేహితులు. ఒక ఉత్సవంలో సాలెవాడు రాకుమార్తెను చూశాడు. చూసిన క్షణం నుంచి తిండి లేదు, నిద్ర లేదు. స్నేహితుడి అవస్థ చూడలేక వడ్రంగి కొయ్యతో ఒక గరుత్మంతుణ్ణి చేశాడు. మనకు కీలుగుర్రం తెలుసు కదా, ఇది కీలుగరుడుడు. కీలు తిప్పితే ఎగురుతుంది. సాలెవాడికి కిరీటం పెట్టి, కొయ్య చేతులు రెండు తగిలించి, శంఖచక్రాలు అమర్చి, రాత్రివేళ అంతఃపురం మేడ మీదికి పంపాడు. రాకుమార్తె నమ్మింది. గాంధర్వ వివాహం జరిగిపోయింది.

విషయం రాజుకు తెలిసింది. మొదట మండిపడ్డాడు. చాటుగా కాచుకుని, ఆకాశం నుంచి గరుడవాహనం మీద అల్లుడు దిగడం కళ్ళారా చూశాక పొంగిపోయాడు. విష్ణువే అల్లుడైతే ఇక భయమెవరికి? ఇరుగుపొరుగు రాజులతో కయ్యానికి దిగాడు. వాళ్ళంతా ఒక్కటై కోటను ముట్టడించారు. అప్పుడు రాజు కూతురితో కబురు పెట్టాడు, అల్లుడుగారిని కాస్త చక్రం తిప్పమను అని.

కథ ఇక్కడికి వచ్చేదాకా నవ్వులాటే. ఇక్కడి నుంచి కాదు. సాలెవాడి ముందు రెండు దారులున్నాయి. కొయ్యపక్షి ఎక్కి పారిపోవచ్చు. లేదా యుద్ధానికి వెళ్ళి చావవచ్చు. అతడు చావడానికే సిద్ధపడి, అదే వేషంలో, కొయ్యచక్రం పట్టుకుని ఆకాశానికి ఎగిరాడు. పైన వైకుంఠంలో అసలు విష్ణువుకు చిక్కు వచ్చిపడింది. వీడు చస్తే విష్ణువే చచ్చాడని లోకం అనుకుంటుంది, రేపటి నుంచి పూజలు ఉండవు! అందుకని తానే సాలెవాడి శరీరంలో ప్రవేశించాడు. గరుడుడు కొయ్యపక్షిలో ప్రవేశించాడు. శత్రువులు ఓడిపోయారు. యుద్ధం ముగిశాక సాలెవాడు కిందికి దిగి, మొదటి నుంచి చివరిదాకా జరిగింది జరిగినట్టు అందరి ముందు చెప్పేశాడు. రాజు పిల్లనిచ్చి మళ్ళీ పెళ్ళి చేశాడు.

గట్టిగా దాచిపెట్టిన మోసాన్ని బ్రహ్మ కూడా పట్టలేడని చెప్పడానికి పంచతంత్రం ఈ కథ చెప్పింది. కాని మనం గమనించవలసినవి ఇంకా ఉన్నాయి. వేషం వేసింది ఒక్క పిల్ల కోసం. దాన్ని నమ్మి ప్రాణాల మీదికి తెచ్చుకున్నది ఒక రాజ్యం. చూపించిన బలాన్ని జనం ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. ఆ రోజు పారిపోకపోవడమే సాలెవాడి గొప్ప. ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. భర్త దేవుడు కాడని తెలిసినప్పుడు ఆ రాకుమార్తెకు ఏమనిపించిందో కథ అడగలేదు. మోసపోయినవాళ్ళలో మొదటి మనిషి ఆమే.

కథలో దేవుడు వచ్చి కాపాడాడు. చరిత్రలో అలా ఎవరూ రారు. మన కృష్ణ ఒడ్డున 1398 ప్రాంతంలో జరిగిందని చెప్పే ఒక సంఘటన చూడండి. పదిహేడో శతాబ్దం తొలినాళ్ళలో బిజాపూరు సుల్తాను కొలువులో ఉండి చరిత్ర రాసిన ఫెరిష్తా దీన్ని నమోదు చేశాడు. ముద్గల్లు, రాయచూరు కోటల కోసం విజయనగర సైన్యం వచ్చి కృష్ణ ఒడ్డున విడిదిచేసింది. ఆ రాజు రెండవ హరిహరరాయలని చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ గుర్తించాడు. అవతలి ఒడ్డున బహమనీ సుల్తాను ఫిరోజ్ షా. నది నిండుగా పారుతోంది, దాటే వీలు లేదు.

అప్పుడు ఖాజీ సిరాజ్ అనే అతడు కొందరు స్నేహితులతో ఫకీరు వేషంలో నది దాటాడు. నాట్యగత్తెలుండే చోటుకు చేరి, వారిలో ఒకామె మీద మనసుపడినట్టు నటించాడు. ఆమె రాకుమారుడి ముందు ఆడడానికి వెళ్తుంటే, తనను కూడా తీసుకుపొమ్మని బతిమాలాడు. వాద్యం వాయించి ఆమెను మెప్పించాడు. అలా లోపలికి వెళ్ళి, ఆడవేషం కట్టి, హాస్యమాడి సభను నవ్వించాడు. చివరికి రెండు చేతులా బాకులు పట్టి ఆడుతూ ఆడుతూ దగ్గరికి చేరి, ఆ బాకులను రాకుమారుడి గుండెల్లో దించాడు. దీపాలు ఆర్పేశారు. ఆ గందరగోళంలో సుల్తాను నది దాటాడు.

ఇది ఫెరిష్తా రెండు వందల ఏళ్ళ తర్వాత, అదీ ఒక పక్షం వైపు నుంచి రాసినదని గుర్తుపెట్టుకోవాలి. పాఠం మాత్రం ఏ పక్షానికైనా ఒకటే. సాలెవాడికీ ఖాజీకీ ఇద్దరికీ ఒక స్త్రీ మెప్పే తలుపు తీసింది. సాలెవాడు తన వేషానికి తన ప్రాణం ఒడ్డాడు. ఖాజీ వేషం ఎదుటివాడి ప్రాణం తీసింది. ఆటగాడని నమ్మి ఆయుధంతో దగ్గరికి రానిచ్చిన నమ్మకాన్నే అతడు పొడిచాడు.

ఈ రెండింటికీ భిన్నమైనది మన పగటివేషం. కన్నడంలో దీన్నే హగలువేష అంటారు. వేషాలు కట్టి, కథలు చెప్పి బతికిన సంచార కులాలలో బుడగ జంగాలు ఒకరు. కర్ణాటకలో ఉన్నా వాళ్ళ ఇంటి భాష తెలుగు. పగటివేషగాళ్ళు ఒక ఊళ్ళో దిగితే కొన్నాళ్ళుంటారు. రోజుకొక వేషం. ఒకనాడు సోమయాజులు, సోమిదేవమ్మ. ఒకనాడు పిట్టలదొర. ఇంకోనాడు ఒక పక్క శివుడు, ఒక పక్క పార్వతిగా అర్ధనారీశ్వరుడు. పట్టపగలు, తెర లేకుండా, రంగస్థలం లేకుండా, మన గడపలోనే మనల్ని బోల్తా కొట్టించడం వాళ్ళ విద్య. చివరి రోజున మాత్రం అన్ని వేషాలూ తీసేసి, మామూలు మనుషులుగా వచ్చి, ఇన్నాళ్ళూ వచ్చింది మేమే అని చెప్పి సంభావన అడుగుతారు.

ఈ చివరి రోజు మర్యాదకు సంబంధించి జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఒక బహురూపి సన్యాసిగా వచ్చి కూర్చున్నాడు. షావుకారు భక్తితో పళ్ళెం నిండా డబ్బు పెట్టాడు. సన్యాసి ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మామూలు బట్టలతో వచ్చి ఇనాము అడిగాడు. నిన్న అంత ఇస్తే ఎందుకు వద్దన్నావని షావుకారు అడిగితే, నిన్న నేను సన్యాసిని, సన్యాసి డబ్బు ముడితే వేషం చెడదా అన్నాడు. వేషంలో ఉన్నంతసేపు దాని ధర్మం పాటించాలి. ఫలం పుచ్చుకునేటప్పుడు సొంత ముఖంతో రావాలి. సాలెవాడు యుద్ధం దాకా వెళ్ళి నేర్చుకున్నదాన్ని ఈ బహురూపి పుట్టుకతో నేర్చుకున్నాడు.

ఈ మాటలు పాత ముచ్చట్లుగా వదిలేయడానికి లేదు. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో, ఊరూరా తిరిగి భిక్షమడిగే సంచార కులం వాళ్ళు అయిదుగురిని, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళనే వదంతి నమ్మి జనం కొట్టి చంపేశారు. వాళ్ళు ఎవరినీ మోసగించలేదు. ఫోనులో వచ్చిన అబద్ధాన్ని ఊరు నమ్మింది, ఎదుట నిలబడిన మనుషుల మాట నమ్మలేదు. గడపలోకి వచ్చిన కొత్తవాడిని నాలుగు మాటలడిగి, నవ్వి, చెంబుడు నీళ్ళిచ్చే అలవాటు మీదే పగటివేషం బతికింది. ఆ అలవాటు పోతే పోయేది ఒక్క కళ కాదు, మనుషుల ప్రాణాలు కూడా.

పిల్లలకు అతిమానవుల కథలు చెప్పేటప్పుడు కొయ్యగరుడుడి కథ కూడా చెప్పండి. ఎలా ఎగిరాడన్న దగ్గర ఆపకండి. శత్రువులు వచ్చిన రోజు అతడేం చేశాడో, కిందికి దిగి ఏం చెప్పాడో అక్కడిదాకా చెప్పండి. మీ వీధిలోకి ఎప్పుడైనా వేషగాళ్ళు వస్తే, వాళ్ళ చివరి రోజు దాకా చూసి, మామూలు ముఖంతో వచ్చినప్పుడు తోచింది ఇవ్వండి.

సెలవు.