గీత లేని చోట ఏముంది? – సంబంధాల లెక్కకు ఒక చరిత్ర

ఇద్దరు మనుషుల మధ్య సంబంధం ఉంటే 1, లేకపోతే 0. సామాజిక సంబంధాలను కంప్యూటరు మీద లెక్కగట్టే పని ఎక్కువగా ఈ రెండంకెల మీదనే నడుస్తుంది. వాడలో పుట్టి, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాకు ఈ విద్య నేర్చుకునేటప్పుడు అడ్డం పడింది ఆ సున్నానే. మా అమ్మ దొర బావిలో ఎన్నడూ చేద వెయ్యలేదు. వెయ్యబుద్ధి కాక వెయ్యలేదా, వెయ్యనియ్యక వెయ్యలేదా? మాత్రికలో రెండింటికీ ఒకటే సున్నా.

ఈ విద్య పుట్టుకలోనే ఆ చిక్కు ఉంది. 1932లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో, హడ్సన్ బాలికల శిక్షణాలయం నుంచి రెండు వారాల్లో 14 మంది పారిపోయారు. జేకబ్ మొరెనో, హెలెన్ జెన్నింగ్స్ దీనికి కారణాన్ని ఆ పిల్లల బుద్ధిలో వెతకలేదు, వాళ్ల మధ్య సంబంధాల్లో వెతికారు. ఎవరితో కలిసి ఉండాలనుంది అని ఒక్కొక్కరినీ అడిగి చుక్కలు, గీతలు గీశారు. 1934లో మొరెనో పుస్తకం వచ్చింది. అదే శిక్షణాలయంలో నల్లజాతి బాలికలను వేరే కాటేజీల్లో ఉంచేవారు. కోరికను అడిగి గీసిన బొమ్మకు, కోరికతో పనిలేని గోడలు ముందే ఉన్నాయన్నమాట. (అంతకు 18 ఏళ్ల ముందే, 1916లో, అదే రాష్ట్రంలోని కొలంబియా యూనివర్సిటీలో అంబేద్కర్ కులం మీద వ్యాసం చదివారు. కులాన్ని నిలబెట్టేది స్వకుల వివాహమేనని, అంటే బయటి సంబంధం మీద నిషేధమేనని తేల్చారు. సంబంధాల శాస్త్ర చరిత్రలు ఆ వ్యాసాన్ని లెక్కలోకి తీసుకోగా మేము చూడలేదు.)

బొమ్మ ఒక రోజుది. సంబంధాలు రోజూ మారతాయి. మిషిగన్‌లో థియోడర్ న్యూకోంబ్ 1956లో 17 మంది విద్యార్థులను ఒక ఇంట్లో ఉంచి, మిగతా వాళ్లలో ఎవరు ఎంత ఇష్టమో వారం వారం వరస పెట్టించాడు. ఆ లెక్కలనే తీసుకుని నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ స్నైడర్స్ 1996లో, సంబంధాల మార్పును సంభావ్యత సూత్రాలతో లెక్కగట్టే నమూనా ప్రకటించాడు. అందులోంచి వచ్చిన సాఫ్ట్‌వేరే ‘సియెనా’. ఇప్పుడది ‘ఆర్’ అనే ఉచిత గణాంక భాషలో దొరుకుతుంది.

అది పనిచేసే తీరు చెప్పాలి. ఒకే ఊరి సంబంధాలను రెండు కాలాల్లో రాసిస్తాం. ఆ రెంటి మధ్య జరిగిన మార్పును అది చిన్న చిన్న అడుగులుగా ఊహిస్తుంది. ఒక్కో అడుగులో ఒక్క మనిషికి అవకాశం వస్తుంది: ఒక గీత కలుపుకోవచ్చు, ఒకటి తెంచుకోవచ్చు, ఊరుకోవచ్చు. ఇట్లా వేలసార్లు ఆడించి చూసి, నిజంగా జరిగినదానికి సరిపోయే బరువులు కడుతుంది. నువ్వు నన్ను పలకరిస్తే నేను నిన్ను పలకరించడానికి ఎంత బరువు, స్నేహితుడి స్నేహితుడితో కలవడానికి ఎంత, తనలాంటి వాళ్లతోనే ఉండడానికి ఎంత. ఒక్కో అంచనా పక్కన పొరపాటు ఎంత ఉండొచ్చో కూడా చెబుతుంది. మంచి పనిముట్టే. కానీ దాని పునాదిలో ఒక మాట ఉంది: మనిషి తన గీతలకు తానే యజమాని. ఈ లెక్కలో అంటరానితనం ‘తనలాంటి వాళ్లను ఇష్టపడటం’గా బయటికొస్తుంది.

సియెనా కట్టినవాళ్లకు ఇది బొత్తిగా తట్టలేదనలేం. గీత ఉండే అవకాశమే లేని చోట 10 అని, తప్పనిసరిగా ఉండే చోట 11 అని రాయమన్నారు. ఈ రెండంకెలు చూసి మేము చాలాసేపు ఆగిపోయాం. దొర బావి 10. వెట్టి 11. మోటకు తోలుబొక్కెన కుట్టిపెట్టిన మాదిగ ఇంటి నుంచి ఆసామి ఇంటికి ఉన్న గీతను 1 అని రాస్తే, అది ఇష్టపడి కలుపుకున్న సంబంధమవుతుంది.

అట్లాగని అన్నిచోట్లా 10 రాస్తే? కులం ప్రకృతి ధర్మమైపోతుంది. ఆ బావిలో దిగినవాళ్లు, కులం దాటి పెళ్లిచేసుకున్నవాళ్లు లెక్కలోకే రారు. 0 రాస్తే కులం అభిరుచి, 10 రాస్తే విధి. మాకు రెండూ అబద్ధమే.

ఇంకో చిక్కు పెద్దది. మార్పు ఒక్కొక్కరి వల్ల, ఒక్కో గీతగా జరుగుతుందని ఈ నమూనా అనుకుంటుంది. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. దానికి ముందు అక్కడ దళితుల మీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. బహిష్కరణ అంటేనే కట్టు: ఎవరికి వారు తెంచుకోవడం కాదు, అందరూ కలిసి ఒక్కమాట మీద తెంచడం. రెండు కాలాల మాత్రికలు మాత్రమే ఇస్తే సియెనా ఆ నిర్ణయాన్ని వ్యక్తుల చిన్న చిన్న అడుగులుగా విడగొడుతుంది. కట్టు చేసిన వాళ్లు కనపడరు.

మేము చేసుకున్న ఏర్పాటు ఇది. ‘ఎవరింటికి వెళ్తారు’ అని అడిగాక ‘ఎవరింట్లోకి రానియ్యరు, రానిస్తే ఎప్పటినుంచి’ అని అడుగుతున్నాం. ఆ జవాబులు సంబంధాల మాత్రికలో కలపం, నిషేధాల మాత్రిక వేరే కడతాం. దాన్ని జంటల లక్షణంగా అందిస్తే, నిషేధం బరువెంతో విడిగా అంచనా కట్టొచ్చు. ఈ ప్రశ్న విని ఒక పెద్దమ్మ, ‘‘రానిచ్చే ఇండ్లు రాసుకో బిడ్డా, జెల్ది ఒడుస్తది’’ అన్నది. కొందరు చుట్టూ చూసి జవాబు చెప్పలేదు. వాళ్ల గడిలో మేము సున్నా వెయ్యలేదు, ‘తెలియదు’ అని రాశాం.