శశిరేఖ: భారత వంశవృక్షానికి మేనరికపు అంటు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కవిత్రయ భారతాన్ని ఎంత వెదకినా శశిరేఖ కనిపించదు. అదే పేటలోని త్యాగరాయ గానసభ వంటి నాటక వేదికలకు మాత్రం ఆమె చిరపరిచిత. మూలంలో లేదన్న కారణంతో ఈ పాత్రను కేవలం వినోద కల్పనగా పక్కన పెట్టడం పరిపాటి. అయితే ఆ కల్పనను నడిపించినది స్పష్టమైన బంధుత్వ తర్కమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

విష్ణుపురాణం బలరామునికి నిశఠుడు, ఉల్ముకుడు అనే కుమారులను పేర్కొంటుంది. కుమార్తె స్థానం ఖాళీగా ఉంది. కుంతి వసుదేవుని సోదరి కాబట్టి సుభద్రను పెళ్లాడిన అర్జునుడు మేనమామ కూతురినే చేసుకున్నాడు. ప్రద్యుమ్నుడు తన మేనమామ రుక్మి కుమార్తెను వరించాడు. మేనరికం ఆచారంగా ఉన్న సమాజంలో అభిమన్యునికి మేనమామ కూతురు ఏదన్న ప్రశ్న సహజం. దానికి సమాధానమే తెలుగువారి శశిరేఖ, మరాఠీ సంప్రదాయపు వత్సల.

ప్రతినాయకుని ఎంపికలోనూ ఇదే తర్కం ఉంది. దుర్యోధనుని కుమారుడు లక్ష్మణుడు ద్రోణపర్వంలో అభిమన్యుని చేతిలో మరణిస్తాడు. రణరంగంలోని ఆ వైరాన్ని కథకులు పెళ్లిపందిరికి తెచ్చారు. యాదవ కౌరవుల వియ్యం కూడా కొత్తది కాదు. భాగవతంలో కృష్ణుని కుమారుడు సాంబుడు దుర్యోధనుని కుమార్తె లక్ష్మణను ఎత్తుకుపోగా కౌరవులు అతనిని బంధిస్తారు. బలరాముడు హస్తినను నాగలితో లాగి విడిపిస్తాడు. శశిరేఖ కథలో వధూవరుల పక్షాలు తారుమారయ్యాయి. హిడింబి కుమారుడైన ఘటోత్కచుడు అభిమన్యునికి పెదతండ్రి కొడుకు. ఆ వరుసతోనే రాక్షస మాయ పెళ్లింట ప్రవేశిస్తుంది. నాయకుడు, ప్రతినాయకుడు, రాక్షసుడు ముగ్గురూ ఒకే కుటుంబంలోని వారయ్యారు.

1936లో పి.వి. దాస్, 1957లో కె.వి. రెడ్డి 'మాయాబజార్' చిత్రాలుగా మలచినది ఈ కథనే. 1957 నాటి చిత్రానికి పింగళి నాగేంద్రరావు రచన చేశారు. ఆ చిత్రంలో పాండవులు తెరపై కనిపించకపోయినా కథ కుంటుపడదు. బావామరదళ్ల వరుసే దానిని నడిపిస్తుంది.

అయినా కల్పనకు ఒక హద్దు ఉంది. కురువంశం నిలిచేది ఉత్తర గర్భాన జన్మించే పరీక్షిత్తుతోనే. అందుకే శశిరేఖ కథ పెళ్లితో ముగుస్తుంది. కొమ్మకు అంటు కట్టిన కథకులు కాండాన్ని తాకలేదు. అమూలకమన్న ఒక్క మాటతో ఇటువంటి కథలను తోసిపుచ్చితే, మన సమాజం ఇతిహాసాన్ని తన వరుసలతో చదువుకున్న చరిత్రను కోల్పోతాం.