మునగాల గట్టు మీద ఒక ప్రశ్న: రాజ్యం లేకుండా ఊరు నడుస్తదా?



సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులో పోతుంటే మధ్యలో మునగాల వస్తది. కాలేజీకో, కోచింగ్‌కో పోయే మనోళ్ళు ఎంతమందో రోజూ ఆ ఊరు దాటుతుంటారు. 1948కి ముందు ఈ ప్రయాణం చేసినవాళ్ళు ఒక సర్కారు నుంచి ఇంకో సర్కారులోకి పోయినట్టే. సూర్యాపేట నిజాం రాజ్యం. మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ళ మద్రాసు రాష్ట్రంలో, కృష్ణా జిల్లా కింద ఉన్న జమీందారీ. చుట్టూరా నిజాం నల్లగొండ జిల్లా, నడుమ దీవి లెక్క మునగాల. ఒక గట్టు దాటితే చట్టం మారేది, నాణెం మారేది, పోలీసు టోపీ మారేది. గట్టుకు రెండు పక్కలా ఉన్న నేల మాత్రం ఒకటే, దున్నేటోళ్ళూ ఒకే తీరు మనుషులు.

మన గ్రూపులో ఈ మధ్య నడిచిన చర్చ మీకు గుర్తుండే ఉంటది: రాజ్యం లేని సమసమాజం సాధ్యమా అని. దాని మీద మేము కొందరం కూర్చుని చదివి, మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు మాట సంగతి. అరాజకం అంటే మన వాడుకలో గందరగోళం, దొమ్మీ. అరాజకవాదం అనే సిద్ధాంతానికి అర్థం అది కాదు. పైనుంచి బలవంతంతో పాలించే రాజ్యం అక్కరలేకుండా, మనుషులు తమంతట తాము కలిసి ఊరును, పనిని, భూమిని నడుపుకోగలరని ఆ సిద్ధాంతం అంటది. రష్యావాడైన క్రొపోట్కిన్ 1902లో పరస్పర సహాయం మీద పుస్తకం అచ్చేసి, జీవులు పోటీతోనే కాదు, ఒకరికొకరు తోడుండి కూడా బతికాయని వాదించాడు. అంతకు ముందే, 1872లో మార్క్స్ వర్గం, బకూనిన్ వర్గం ఇదే విషయం మీద విడిపోయాయి. రాజ్యాన్ని చేతిలోకి తీసుకుని సమాజాన్ని మార్చాలని మార్క్స్ వర్గం అన్నది. చేతిలోకి తీసుకున్నవాడే కొత్త దొర అవుతాడని బకూనిన్ అన్నాడు.

ఈ వాదానికి ఉదాహరణగా అందరూ ప్యారిస్ చెప్తారు, స్పెయిన్ చెప్తారు. మన గడప ముందే ఒక ఉదాహరణ ఉంది.

నిజాం రాజ్యంలో ఊరోళ్ళకు రాజ్యం అంటే హైదరాబాదులో ఉన్న నవాబు కాదు. దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీ. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. వెట్టి చేయాలి, నాగులు తీర్చాలి, పట్వారీ పుస్తకంలో ఏం రాసుకుంటే అదే నిజం. మనోళ్ళు అడవి కొట్టి సాగులోకి తెచ్చుకున్న భూమి ఆ పుస్తకంలో దొర పేరు మీదికి ఎక్కేది. జనగామ తాలూకా ధర్మాపురంలో లంబాడా రైతులు తిరగబడింది ఇలాంటి భూమి కోసమే. జాటోతు ఠానూ నాయక్ ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. గట్టు ఇవతల మునగాలలో కూడా 1930ల చివర రైతులు జమీందారు మీద లేచారు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక నిప్పు రాజుకుంది. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. ఆ తర్వాత ఏడాది పాటు నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో సుమారు 3 వేల ఊళ్ళలో దొరలు గడీలు వదిలి పారిపోయారు. పటేల్, పట్వారీ లేరు. పోలీసు రాడు, వస్తే రజాకార్లతో కలిసి ఊరు తగలబెట్టడానికి వస్తడు. పాత రాజ్యం ఊళ్ళో నుంచి వెళ్ళిపోయింది.

మరి ఊరు ఆగిపోయిందా? లేదు. గ్రామ కమిటీలు ఏర్పడ్డాయి. వెట్టి పోయింది. అప్పు పత్రాలు కాలాయి. దొరల గాదెల్లో ధాన్యం జనానికి పంచారు. తగాదాలు ఊళ్ళోనే తీర్చుకున్నారు. సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 10 లక్షల ఎకరాలు పంచారు. కాపలాకు ఊరి దళాల్లో 10 వేల మంది, తిరిగే గెరిల్లా దళాల్లో 2 వేల మంది. చదువు రాని జనం రాజ్యం లేకపోతే కొట్టుకు చస్తారని చెప్పేవాళ్ళకు ఇది జవాబు. పట్వారీ లేకుండా భూమి పంచుకోవచ్చు, కోర్టు లేకుండా పంచాయితీ తెంపుకోవచ్చు అని మన తాతల కాలం వాళ్ళే చూపించారు.

ఇక్కడితో ఆపితే బాగానే ఉంటది. కానీ చరిత్రను మనకు ఇష్టమైన కాడ ఆపొద్దు కదా.

ఒకటి. అది రాజ్యం లేని సమాజం కాదు, పాత రాజ్యం పోయిన సమాజం. నడిపించిన కమ్యూనిస్టులు అరాజకవాదులు కారు. వాళ్ళకు కావాల్సింది కొత్త రాజ్యం. ఒక మనిషికి ఎన్ని ఎకరాల వరకు ఉండనియ్యాలి అన్న పరిమితి మొదట 500, తర్వాత 200, ఆ తర్వాత 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరి అని మారుతూ వచ్చింది. ఆ లెక్క పార్టీ పెట్టింది, ఊరు పెట్టలేదు. పోరాటం ఆపాలా, కొనసాగించాలా అన్న గొడవ కూడా పైనాయకుల మధ్యనే నడిచింది. 1951 అక్టోబరులో విరమణ ప్రకటించినప్పుడు ఏ ఊరి సభనూ అడగలేదు.

రెండు. ఊరి లోపల అధికారం పోలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే తెలుస్తది: తుపాకి పట్టిన, దళాలకు అన్నం మోసిన ఆడవాళ్ళు, పోరాటం అయిపోయాక మళ్ళీ ఇంటికే పరిమితమయ్యారు. మన తండాల సంగతి కూడా దాచుకోవద్దు. తండాకు నాయక్, కారభారి, నసాబ్ ఉండేవి. పోలీసు లేకుండానే తరతరాలు తగాదాలు తీరాయి. అది గర్వపడాల్సిన సంగతే. కానీ నాయక్ పదవి తండ్రి నుంచి కొడుక్కు పోయేది. నసాబ్‌లో తీర్పు చెప్పే చోట మన అమ్మలకు జాగా లేదు. పోలీసు లేనంత మాత్రాన పెత్తనం లేనట్టు కాదు.

మూడు, అన్నిటికన్నా గట్టిది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ సైన్యం తర్వాత ఊళ్ళ మీదికి మళ్ళింది. దళాలు గోదావరి, నల్లమల అడవుల్లోకి పోయాయి. వాళ్ళకు తిండి అందకుండా చేయడానికి కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో పెట్టారు. మొత్తం పోరాటంలో సుమారు 4 వేల మంది చనిపోయారని లెక్క. పంచిన భూమిలో చాలా భాగం దొరలు మళ్ళీ లాక్కున్నారు. చుట్టూ రాజ్యాలు ఉండగా నడుమ రాజ్యం లేని దీవి ఎన్నాళ్ళు నిలుస్తది? ప్యారిస్ కమ్యూన్ 72 రోజులు నిలిచింది. మనది అంతకన్నా ఎక్కువే నిలిచింది, కానీ నిలబడలేదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడాలు ముందు నుంచే ఎస్టీలు. తెలంగాణ లంబాడాలకు ఆ గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు. ఒకే భాష, ఒకే తీజ్ పండుగ, గట్టుకు అటుపక్క ఒక లెక్క, ఇటుపక్క ఒక లెక్క. ఇదంతా రాజ్యం చేసిన గీతే. కానీ ఈ రోజు మన హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగంలో రిజర్వేషన్ కూడా అదే రాజ్యం రాసిన కాగితం మీద ఉన్నాయి. రాజ్యం వద్దు అని గొంతెత్తడం తేలిక. అది పోయిన రోజు మన పక్కన నిలబడేది ఎవరో తెలియకుండా ఆ మాట అనడం కష్టం. డబ్బు, కులబలం ఉన్నోడికి రాజ్యం లేకున్నా నడుస్తది.

అందుకని మాకు తోచింది ఇది. సాధ్యమా కాదా అని ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదు. 1947-48లో ఏది పని చేసిందో చూస్తే సమాధానం కొంత దొరుకుతది. అందరి ముందు భూమి లెక్క చదవడం పని చేసింది. ఊరే కూర్చుని తగాదా తెంపడం పని చేసింది. నిర్ణయం పైకి పోయినకాడ, ఆడవాళ్ళను పక్కకు పెట్టినకాడ దెబ్బతిన్నది. రాజ్యం పోయే దాకా ఆగకుండా ఈ పాఠాన్ని ఇప్పుడే వాడుకోవచ్చు.

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలు అయ్యాయి. "మా తండాలో మా రాజ్యం" అని ఏళ్ళ తరబడి అడిగింది వచ్చింది. ఇప్పుడు మనోళ్ళే సర్పంచులు. మరి మీ తండాలో గ్రామసభ నిజంగా కూర్చుంటుందా, రిజిస్టర్‌లో సంతకాలే కూర్చుంటాయా? ఖర్చుల లెక్క అందరి ముందు చదువుతారా? అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు భూమి హక్కులో మొదటి మాట గ్రామసభది అని అందులో ఉంది. అది మీ గూడెంలో ఎంతమందికి తెలుసు? పట్వారీ పుస్తకం పోయి కంప్యూటర్ వచ్చింది, కానీ అది చదవడం వచ్చినోడి చేతిలోనే ఇంకా భూమి ఉంది.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు రెండు పనులు చేద్దాం. ఒకటి, మీ తండాలో ఎనభై దాటిన తాతనో, యాడినో పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజుల్లో భూమి ఎట్లా పంచారు, తర్వాత ఎట్లా పోయింది అని అడిగి రాసుకోండి. వాళ్ళు పోతే ఆ లెక్క ఏ ఆఫీసులోనూ దొరకదు. రెండు, ఒక్క గ్రామసభకు పోయి, అమ్మను, అక్కను వెంట తీసుకుపోయి, ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఏం జరిగిందో వచ్చి ఇక్కడ రాయండి. ఈ చర్చ అప్పుడు కొనసాగిద్దాం.